కంప్యూటర్ మందగమనం – మాల్‌వేర్ నిర్ధారణ: తెలుగు ప్రాంతాల అనుభవ చరిత్ర (1986–2019)

వ్యాససంగ్రహం:

ల్యాప్‌టాప్ నెమ్మదించినా, మధ్యలో స్తంభించినా వైరస్ చేరిందని అనుకోవడం సర్వసాధారణం. ఈ భావన 1980లలో ఏర్పడింది. ఆనాటి మాల్‌వేర్ తన ఉనికిని కొన్నిసార్లు మందగమనం ద్వారా బయటపెట్టుకొనేది. తరువాతి కాలంలో ఆ సంబంధం మారింది. 2017లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ, 2018లో పురపాలక వెబ్‌సైట్లు, 2019లో విద్యుత్ పంపిణీ సంస్థలు ఎదుర్కొన్న దాడుల ఆధారంగా ఆ మార్పును వివరించి, మరిపెడ వంటి మండల కేంద్రంలో నిర్ధారణ ఏ క్రమంలో సాగాలో ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మాల్‌వేర్, మందగమనం, రాన్సమ్‌వేర్, క్రిప్టోజాకింగ్, మీసేవ, మరిపెడ.

1. ఉపోద్ఘాతం:

వరంగల్లు నుంచి ఖమ్మం వెళ్లే రహదారి మీద ఉన్న మరిపెడ, 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు వరంగల్లు జిల్లాలో భాగం. ఆ తరువాత మహబూబాబాదు జిల్లాలో చేరింది. చుట్టుపక్కల గ్రామాలకు, లంబాడా తండాలకు ఇది మండల కేంద్రం.

2011 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ ప్రారంభమైన నాటినుంచి కుల, ఆదాయ ధ్రువపత్రాల వంటివి క్రమంగా కంప్యూటర్ ద్వారానే అందసాగాయి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చాక వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ కూడా తహసీల్దారు కార్యాలయంలో ఆన్‌లైన్‌లోనే జరగసాగింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చినా ఆ పనికి ఆధారం కంప్యూటరే. విద్యార్థులు ఉపకారవేతనాలకు దరఖాస్తు చేసేదీ ఆన్‌లైన్‌లోనే. అందువల్ల మండల కేంద్రంలో ఒక యంత్రం స్తంభిస్తే దాని యజమానితో పాటు తండా నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి ఒకరోజు కూలి కూడా పోతుంది. తప్పు నిర్ధారణతో డిస్కు మొత్తం చెరిపివేస్తే, వేరే ప్రతి లేని పత్రాలు శాశ్వతంగా పోతాయి. మందగమనానికి కారణాన్ని సరిగా గుర్తించవలసిన అవసరం ఇక్కడే ఉంది.

2. మందగమనం వైరస్ లక్షణంగా స్థిరపడిన కాలం:

ఐబీఎం పీసీ తరహా కంప్యూటర్లకు సోకిన తొలి వైరస్‌గా ప్రసిద్ధమైన బ్రెయిన్, 1986లో లాహోరులో పుట్టింది. బాసిత్, అంజాద్ అనే సోదరులు దానిని రాశారు. ఫ్లాపీ డిస్కు బూట్ సెక్టారులో తన ప్రతిని ఉంచుకొని, సుమారు 7 కిలోబైట్ల మెమరీని ఆక్రమించి, ఫ్లాపీ డ్రైవు పనిని నెమ్మదింపజేయడం దాని స్వభావం.

1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ వదిలిన వర్మ్ ఈ లక్షణాన్ని మరింత స్పష్టం చేసింది. ఒక యంత్రంలో తన ప్రతి ఇప్పటికే ఉందని తెలిసినా, 7 సార్లలో ఒకసారి అది మళ్లీ చొరబడేలా రాయబడింది. ఫలితంగా ఒకే యంత్రంలో అనేక ప్రతులు పోగై, యంత్రాలు కదలలేని స్థితికి చేరుకున్నాయి. దస్త్రాలను నాశనం చేసే ఆదేశమేదీ అందులో లేదు. మందగమనమే దానిని పట్టించింది.

భారతదేశంలో వైరస్ నివారణకు మరమ్మతు దుకాణంతో ఉన్న సంబంధం కూడా ఈ దశలోనే కనిపిస్తుంది. పుణెలో కైలాశ్ కాట్కర్ నడిపిన మరమ్మతు దుకాణానికి వచ్చే కంప్యూటర్లలో వైరస్‌ల బెడదను గమనించి, ఆయన సోదరుడు సంజయ్ కాట్కర్ 1990లలో వాటిని తొలగించే ప్రోగ్రాములు రూపొందించారు. క్విక్ హీల్ సంస్థకు మూలం అదే. నెమ్మదించిన యంత్రాన్ని దుకాణానికి తీసుకెళ్లడం, అక్కడ ‘వైరస్ తీయించడం’ అనే అలవాటుకు నేపథ్యం ఇటువంటి అనుభవాలే.

3. పెన్‌డ్రైవ్ దశ:

ఫ్లాపీ స్థానాన్ని పెన్‌డ్రైవ్ ఆక్రమించిన తరువాత నెట్ సెంటర్లు, జిరాక్సు దుకాణాలు మాల్‌వేర్ వ్యాప్తికి కూడళ్లయ్యాయి. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రామును నడిపే ఆటోరన్ సదుపాయాన్ని 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ వంటి వర్మ్‌లు వాడుకొన్నాయి. పాత విండోస్ రూపాల్లో ఈ సదుపాయాన్ని పరిమితం చేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో విస్తృతంగా పంపిణీ చేసింది. ఫోల్డర్లు మాయమై వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు కనిపించే రకం మాల్‌వేర్‌లో అసలు దస్త్రాలు చాలాసార్లు దాచబడి ఉండేవి. ఆ సంగతి తెలియక పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసినవారు వాటిని చేజేతులా పోగొట్టుకొన్నారు. నిర్ధారణకు ముందే చికిత్స మొదలుపెట్టడం ఎంత నష్టదాయకమో దీనివల్ల తెలుస్తుంది.

సార్వజనిక రంగంలో దీనికి వచ్చిన స్పందనలో హైదరాబాదుకు ముఖ్యస్థానం ఉంది. 2017 ఫిబ్రవరి 21న కేంద్రప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించింది. దాని ద్వారా ఉచితంగా అందిన యూఎస్‌బీ ప్రతిరోధ్, యాప్‌సంవిద్ అనే ఉపకరణాలను హైదరాబాదులోని సీడాక్ రూపొందించింది. మొదటిది అనుమతి లేని పెన్‌డ్రైవ్‌లను అడ్డుకుంటుంది. రెండవది అనుమతించిన ప్రోగ్రాములను మాత్రమే నడవనిస్తుంది.

4. హెచ్చరిక లేని దాడి – 2017, 2019:

2017 మే 12న వ్యాపించిన వాన్నాక్రై పాత లక్షణాలకు లొంగలేదు. ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే నెట్‌వర్క్ ద్వారా యంత్రం నుంచి యంత్రానికి పాకి, దస్త్రాలను సంకేతలిపిలోకి మార్చి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కోరింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు విభాగాల కంప్యూటర్లు దీని బారిన పడినట్లు నాడు వార్తలు వచ్చాయి. ఈ దాడి వాడుకొన్న లోపానికి సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. దానిని చేర్చుకోని యంత్రాలు అంతవరకు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తూనే ఉన్నాయి. వేగంగా నడుస్తున్న యంత్రం సురక్షితమైనదనే నమ్మకం అక్కడ వమ్మయింది.

2019 వేసవిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్‌కు గురయ్యాయి. హన్మకొండ కేంద్రంగా మరిపెడ ప్రాంతానికి విద్యుత్తు అందించే ఉత్తర మండల సంస్థ కూడా వాటిలో ఉంది. దూరంలోని ఒక సర్వరుకు సోకిన వ్యాధి, మండలంలోని వినియోగదారునికి తెరుచుకోని వెబ్‌సైటుగా కనిపిస్తుంది. అటువంటప్పుడు తన ల్యాప్‌టాప్‌లో దోషం వెదికితే ఫలితం ఉండదు.

5. మందగమనమే దొంగతనం – 2018:

2018 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలన విభాగం, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైట్లలో క్రిప్టోజాకింగ్ కోడ్ ఉన్నట్లు భద్రతా పరిశోధకులు గుర్తించారు. ఈ పద్ధతిలో పేజీ తెరిచిన వారి కంప్యూటర్ ప్రాసెసరును వారికి తెలియకుండా మొనేరో వంటి క్రిప్టో కరెన్సీని లెక్కకట్టేందుకు వాడుకుంటారు. ఇటువంటి కోడ్‌కు ప్రసిద్ధి చెందిన కాయిన్‌హైవ్ సేవ 2017 సెప్టెంబరు నుంచి 2019 మార్చి వరకు నడిచింది.

ఇక్కడ మందగమనం దాడికి పార్శ్వఫలితం మాత్రమే అనలేము. అపహరణకు గురయ్యేది ప్రాసెసర్ శక్తే. పైగా ఆ కోడ్ బ్రౌజరులోనే నడుస్తుంది కనుక, డిస్కును ఎంత గాలించినా ఏమీ దొరకకపోవచ్చు. పేజీ మూయగానే వేగం తిరిగి రావడమే అక్కడ ప్రధాన సాక్ష్యం.

6. నిర్ధారణ క్రమం:

పై చరిత్రనుబట్టి పరీక్షకు ఒక క్రమం ఏర్పడుతుంది. ముందుగా ముఖ్యమైన దస్త్రాలను వేరొక డిస్కులోకి నకలు చేసి, దానిని యంత్రం నుంచి విడదీయాలి. తగిలించి ఉంచిన డిస్కును కూడా రాన్సమ్‌వేర్ వదలదు. ఆ నకలును తిరిగి వాడేముందు స్కాన్ చేయాలి.

రెండవ దశలో భౌతిక కారణాలను చూడాలి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఫ్యాను మార్గంలో దుమ్ము పేరుకుంటే, వేడి నుంచి కాపాడుకోవడానికి ప్రాసెసర్ తానే వేగం తగ్గించుకుంటుంది. అరిగిపోతున్న హార్డ్‌డిస్కు, నిండిపోయిన సీ డ్రైవు, చాలని ర్యామ్ కూడా వైరస్ వంటి లక్షణాలనే చూపుతాయి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడిచినా ఫలితం అదే.

మూడవ దశలో టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్, మెమరీ, డిస్కులను ఏ ప్రోగ్రాము వాడుకుంటున్నదో చూడాలి. బ్రౌజర్ మూసినప్పుడు భారం తగ్గితే పేజీలను, ఎక్స్‌టెన్షన్లను అనుమానించాలి. సేఫ్ మోడ్‌లో యంత్రం చక్కగా నడిస్తే, దోషం డ్రైవరులోనో, యంత్రంతో పాటు మొదలయ్యే ప్రోగ్రాములోనో ఉండే అవకాశం ఎక్కువ.

ఆ తరువాతనే మాల్‌వేర్ పరీక్ష. విండోస్ సెక్యూరిటీలో పూర్తి స్కాన్, అనంతరం ఆఫ్‌లైన్ స్కాన్ జరపాలి. రెండవది విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే నడుస్తుంది కనుక, దాగి ఉండే మాల్‌వేర్‌కు తప్పించుకునే వీలు తగ్గుతుంది. ఏమీ దొరకకపోయినా నవీకరణలు చేర్చడం మానరాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున, ఇంకా దానినే నడుపుతున్న యంత్రాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

7. ముగింపు:

1988లో మందగమనం మాల్‌వేర్‌ను పట్టించింది. 2017లో వేగంగా నడిచే యంత్రాలు కూడా దాడికి లొంగాయి. 2018లో మందగమనమే దొంగతనానికి రూపమయింది. ఈ మూడు దశలనూ కలిపి చూస్తే, మందగమనాన్ని ఒక సాక్ష్యంగా స్వీకరించవచ్చు గాని, ఇతర సాక్ష్యాలతో సరిపోల్చకుండా తీర్పుగా స్వీకరించరాదని తేలుతుంది. శాసనాన్ని చదివే చరిత్రకారుడు పాటించే నియమమే ఇది. మరిపెడలో ధ్రువపత్రం కోసం వరుసలో నిలిచిన మనిషికి ఈ నియమం వల్ల కలిగే మేలు చిన్నది కాదు. దుమ్ము తుడిస్తే పోయే దోషానికి అతని దస్త్రాలు బలికావు. నిజంగా దాడి జరిగిననాడు విడిగా దాచిన నకలు మిగిలి ఉంటుంది.