నాంపల్లిని మార్చింది వరదేనా?

హైదరాబాద్ పారిశుద్ధ్య చరిత్ర అనగానే అందరూ ఒకే కథ చెబుతారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది, వేల ప్రాణాలు పోయాయి. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన జలాశయాలకూ భూగర్భ డ్రైనేజీకీ దారి చూపాడు, నగరం ఆధునికమైంది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆబిడ్స్, నాంపల్లి దగ్గరికి వచ్చేసరికి ఈ కథ సరిపోదు.

పాత సంగతులు క్లుప్తంగా చాలు. కుతుబ్‌షాహీల కాలం నుంచి పాలకుల శ్రద్ధంతా మంచినీళ్లు ఊళ్లోకి తేవడం మీదే ఉంది. మలం ఊరు దాటించే పని మనుషుల నెత్తిమీద గంపలదే. మూసీకి ఉత్తరాన బ్రిటిష్ రెసిడెన్సీ నీడలో చాదర్‌ఘాట్ వేరే మునిసిపాలిటీగా పెరిగింది. 1933లోగానీ అది హైదరాబాద్‌తో కలిసి కార్పొరేషన్ కాలేదు. నిజాం మహబూబ్ అలీ పాషా కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం పేరు మీద ఆబిడ్స్ వెలిసింది. 1907లో నాంపల్లి స్టేషన్ వచ్చింది.

అసలు పేచీ 1908 వరదకీ 1931లో వచ్చిన మురుగు వ్యవస్థకీ మధ్య కాలంతోనే. వరద ఊడ్చుకుపోయినవి అఫ్జల్‌గంజ్, కోల్సావాడి లాంటి ఏటి ఒడ్డు బస్తీలు. నాంపల్లి నదికి ఎడంగా ఉంది. అయినా 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడ్డాక ఇరుకు బస్తీలు కూల్చి, రోడ్లు వెడల్పు చేసి, వరస ఇళ్లు కట్టడానికి ఎంచుకున్న తొలి చోట్లలో నాంపల్లి ఒకటి. దీనికి వరద ఏం జవాబు చెబుతుంది? జవాబు 1911 నాటి ప్లేగులో ఉందని నా అభిప్రాయం. 1896 ప్లేగు తర్వాత బొంబాయి 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టుకుంది. హైదరాబాద్ బోర్డు పేరూ పనీ ఆ నమూనాకే దగ్గర. ఇళ్లు కూల్చి గాలీ వెలుతురూ రప్పించడం ప్లేగుకు వేసిన మందు. వరదను ఆపే ఉపాయం అది కాదు.

జనాభా లెక్కలు కూడా ఇటే మొగ్గుతాయి. 1901లో నగర జనాభా సుమారు 4.5 లక్షలు. నడుమ అంత పెద్ద వరద వచ్చినా 1911కల్లా అది 5 లక్షలకు చేరింది. తర్వాతి పదేళ్లలో మాత్రం దాదాపు లక్ష తగ్గి 4 లక్షలకు పడిపోయింది. ఆ పదేళ్లలో ఉన్నవి ప్లేగూ, 1918 ఇన్‌ఫ్లుయెంజా. అయితే ఈ లెక్కను మరీ బిగించి లాగకూడదు. ప్లేగు భయానికి ఊరు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు కూడా ఆ తగ్గిన లక్షలో ఉంటారు, అందరూ చనిపోయినవాళ్లు కారు. 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌కు కొత్త రాజధాని మోజు ఉందన్నదీ నిజమే. 1909లో విశ్వేశ్వరయ్యకు అప్పగించిన పనిలో వరద రక్షణతో పాటు డ్రైనేజీ పథకం కూడా ఉంది, కాబట్టి వరద పాత్రను పూర్తిగా కొట్టేయలేం. కానీ ఆయన ఆ ఏడాది చివర్లోనే మైసూరు వెళ్లిపోయాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. డ్రైనేజీ విషయమై 1922లో ఆయన్ను మళ్లీ రప్పించాల్సి వచ్చింది. మురుగు వ్యవస్థ వచ్చింది 1931లో. వరదకు మందు ముందు దొరికింది, మురుగుకు ఆలస్యంగా దొరికింది.

పైగా ఆ వ్యవస్థను వేసింది 54 చదరపు కిలోమీటర్లకూ, 4.68 లక్షల మందికీ. ఇంచుమించు ఆ ఏటి జనాభా అంతే. రేపటికి మిగులు లేదు. 1951కల్లా జనం 10 లక్షలు దాటారు. గొట్టం అందని ఇళ్లలో పాకీ పని సాగుతూనే ఉంది. హర్యానా వైపు నుంచి వచ్చి ఆ పనిలో స్థిరపడిన మెహతర్ కుటుంబాలకు ఇంజనీర్ల కథలో చోటు లేదు. ఆ పనిని నిషేధిస్తూ చట్టం రావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని అమలు చేయించడానికి బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివారు సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఇక వర్తమానం. మురుగు ఇప్పుడు సాక్ష్యం చెబుతోంది. 2016లో అంబర్‌పేటలో తీసిన మురుగు నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్ 2 పోలియో వైరస్ కనబడింది. ఒక్క బిడ్డకూ కాలు చచ్చుబడకముందే, ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా తలపెట్టారు. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగు శుద్ధి కేంద్రాల నమూనాలు పరీక్షించి, నగరంలో 6.6 లక్షల మందికి కోవిడ్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. లక్షణాలు లేనివాళ్లూ, పరీక్షకు రానివాళ్లూ అందులో లెక్కకొచ్చారు. ఇది గొప్ప విద్య, సందేహం లేదు.

నాకు పేచీ రెండు చోట్ల ఉంది. శుద్ధి కేంద్రం దగ్గర ముంచిన సీసాలోకి గొట్టంతో కలిసిన ఇళ్ల సంగతే వస్తుంది. సెప్టిక్ ట్యాంకు ఇల్లు రాదు, మరుగుదొడ్డే లేని మనిషి అసలే రాడు. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పుస్తకాలమ్మేవాళ్లు, నాంపల్లి కోర్టుకు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, నుమాయిష్ రోజుల్లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ చుట్టూ బండి పెట్టుకునేవాళ్లు పొద్దంతా ఎక్కడికి పోతున్నారో ఏ నమూనా చెప్పదు. మగవాడికి గోడ ఉంది. ఆడమనిషి నీళ్లు తాగడం మానేస్తుంది. రోడ్డు పక్కన పెట్టిన డబ్బా మరుగుదొడ్లను లెక్కపెట్టి గర్వపడతాం. వాటిలో నీళ్లొస్తున్నాయా, తాళం తీసి ఉందా అని అడగం.

రెండోది, మురుగు మాట వింటున్నాం గానీ దాన్లోకి దిగే మనిషి మాట వినడం లేదు. 2017లో జలమండలి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు దింపింది. మంచి పనే. అయినా 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్లోకి దిగిన ఇద్దరు కార్మికులు చనిపోయారు. 2022 డిసెంబర్‌లో నాంపల్లి పక్కనే గోషామహల్ చాక్నావాడిలో నాలా మీది రోడ్డు కుంగి వాహనాలూ దుకాణాలూ అందులో పడ్డాయి. కింద ఏముందో చూడకుండా పైన కట్టుకుంటూ పోయిన ఫలితమది.

జబ్బు భయం వచ్చినప్పుడు మురుగువైపు చూడటం, భయం పోగానే మూత వేయడం మన పాలనకు 1911 నుంచీ ఉన్న అలవాటు. మురుగు నమూనాలు మహమ్మారి లేని నెలల్లో కూడా, నాలాల నుంచి కూడా తీయాలి. ఫలితాలు వార్డుల వారీగా జనానికి చెప్పాలి. మరుగుదొడ్లను రాత్రి పడుకునే జనాన్ని బట్టి కాదు, పగలు తిరిగే జనాన్ని బట్టి కట్టాలి. ఈ లెక్కన చూస్తే ఆబిడ్స్‌కు ఇవాళ ఉన్నవి ఏ మూలకూ చాలవు.