గ్రామ ఉపదేశకుల బైబిలు శిక్షణ: దోర్నకల్ అనుభవం - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

తెలుగు నేలపై క్రైస్తవ సంఘాల చరిత్ర అనగానే మిషనరీలు, బిషప్పులు, దేవాలయాలు గుర్తుకు వస్తాయి. ఆ సంఘాలను దినదినమూ నడిపినవారు మాత్రం గ్రామ ఉపదేశకులు. ప్రజలు వీరిని 'పంతులుగారు', 'అయ్యగారు' అని పిలిచారు. కొద్దిపాటి చదువుతో పల్లెకు చేరిన వీరికి బైబిలు ఎట్లా బోధించారో, ఆ బోధన ఏ సమస్యలను ఎదుర్కొన్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సామూహిక మతాంతరీకరణ - బోధకుల కొరత:

1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవం తొలుత వ్యాపించినది ఇటువంటివారి బంధుత్వాల ద్వారా, గురుశిష్య సంబంధాల ద్వారానే. 1876-78 నాటి కరవు తరువాత, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంతమందికి బోధించడం కొద్దిమంది విదేశీ మిషనరీలకు సాధ్యమయ్యే పని కాదు. రామాపట్నం బాప్టిస్టు సెమినరీ 1870ల దశకంలో ఏర్పడటం ఈ అవసరాన్ని సూచిస్తుంది. తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచబడిన కులాల నుండే బోధకులు రావలసి వచ్చింది. కనుక అక్షరాభ్యాసం, వేదాంత విద్య వేర్వేరు దశలుగా కాక ఒకేసారి సాగాయి.

దోర్నకల్ పద్ధతి:

తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874-1945) 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. స్వయంగా తెలుగు నేర్చుకొని బోధించిన అజరయ్య దృష్టిలో గ్రామసంఘానికి ఆధారం ఉపదేశకుడే. అందువల్ల దోర్నకల్‌లో అభ్యర్థులతోపాటు వారి భార్యలకూ శిక్షణ ఇచ్చారు. విద్యార్థులు చదువుతోపాటు శరీరశ్రమ కూడా చేశారు. గ్రామానికి వెళ్ళిన దంపతులు బడి, ప్రార్థన, స్త్రీల బోధన వంటి బాధ్యతలను పంచుకునేందుకు ఈ ఏర్పాటు తోడ్పడింది. గ్రామాలలోని పని గురించి అజరయ్య, బిషప్ వైట్‌హెడ్‌తో కలిసి 1930లో 'క్రైస్ట్ ఇన్ ది ఇండియన్ విలేజస్' అనే గ్రంథం రాశారు.

మౌఖిక సంప్రదాయం:

చదవడం రాని సంఘానికి బైబిలును చేర్చడానికి పుస్తకం ఒక్కటే చాలదు. కంఠస్థ వాక్యాలు, కథాకథనం, కీర్తనలు ఈ లోటును పూరించాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవుల కీర్తనలు తెలుగు రాగతాళాలలో ఉండటంవల్ల నిరక్షరాస్యుల నోళ్ళలోనూ నిలిచాయి. కీర్తన పాడించగలగడం, కథ చెప్పగలగడం గ్రామ ఉపదేశకునికి అవసరమైన విద్యలే. పరీక్షలలో లెక్కకు రాని ఈ సామర్థ్యాన్ని 'తక్కువ శిక్షణ' అనే మాట కప్పివేస్తుంది. అయితే దీనికి పరిమితి కూడా ఉంది. విన్నదాన్ని తిరిగి చెప్పడం వేరు, వాక్య సందర్భాన్ని పరిశీలించి వ్యాఖ్యానించడం వేరు. రెండవదానికి గ్రంథాలు, భాషాజ్ఞానం, తీరిక కావాలి. పల్లె బోధకునికి కొరవడినవి ఈ మూడే.

కళాశాల విద్య - విస్తరణ విద్య:

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. సంఘాల మధ్య సహకారం వేదాంత విద్యలోనూ పెరిగింది. వేర్వేరు మిషన్ల సెమినరీలు కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీగా రూపొందాయి. 1970ల దశకంలో అది హైదరాబాదుకు తరలింది. విద్యాస్థాయి పెరిగిన మాట నిజం. కాని కుటుంబాన్ని, కూలిపనిని, సంఘాన్ని విడిచి సంవత్సరాల తరబడి నగరంలో ఉండగలిగే గ్రామబోధకులు కొద్దిమందే. 1963లో గ్వాటెమాలాలో ఆరంభమైన విస్తరణ వేదాంత విద్య ఈ చిక్కుకే ఒక సమాధానం. బెంగళూరు కేంద్రంగా 1971లో ఏర్పడిన టాఫ్టీ ఆ పద్ధతిని భారతదేశంలో చేపట్టింది. ఈ పద్ధతిలో విద్యార్థి తన ఊరు విడిచిపెట్టడు. ఇంటివద్ద పాఠం చదివి, నిర్ణీత సమయంలో తోటివారితోనూ బోధకునితోనూ చర్చిస్తాడు.

ముగింపు:

రామాపట్నం నుండి టాఫ్టీ వరకు ప్రధానమైన ప్రశ్న ఒకటే. బోధకుణ్ణి విద్య దగ్గరకు రప్పించాలా, విద్యను బోధకుని దగ్గరకు తీసుకువెళ్ళాలా? గోపన్‌పల్లి వంటి నిన్నటి పల్లెలు నేడు హైదరాబాదు ఐటీ ప్రాంతంలో భాగమయ్యాయి. పల్లెకు, నగరానికి మధ్య సరిహద్దు చెరిగిపోతున్న ఈ దశలో ఆ ప్రశ్న మరింత ముఖ్యమవుతుంది. బోధకుని జీవన పరిస్థితిని పాఠ్యప్రణాళికలో భాగంగా గుర్తించడం దోర్నకల్ అనుభవం అందించిన ప్రధాన పాఠం. గ్రామ ఉపదేశకుల చరిత్రను తెలుగు అక్షరాస్యతా చరిత్రలో భాగంగా అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది.