తెలుగింటి గోడగూడు, అటక, పాతర : ఒక చారిత్రక పరిశీలన

గృహచరిత్రను వ్రాయువారు సామాన్యముగా స్తంభములను, ద్వారబంధములను, పైకప్పులను వర్ణించి విరమింతురు. ఇంటివారు తమ వస్తువులను ఎచ్చట దాచుకొనిరను ప్రశ్నకు తగిన స్థానము లభింపలేదు. పాత యిండ్లను బాగుచేయించువారు తొలుత పూడ్చునవి గోడగూళ్లు, విప్పించునవి అటకలు. కావున ఇవి ఏల పుట్టినవో, ఏల తొలగినవో, నేటి పునర్నిర్మాణమున వీనికెట్టి స్థానముండదగునో ఇచట పరిశీలింప నెంచితిమి.

పక్షి నివాసమును దెల్పు 'గూడు' శబ్దమే గోడలోని అరకును చెల్లుచున్నది. మట్టిగోడ కప్పు బరువును మోయుటకై మిక్కిలి మందముగా నుండవలెను. ఆ మందమే గూటికి తావిచ్చినది. గోడ పెట్టునపుడే విడిచిన ఆ చోటికి వేరు కలప యక్కరలేదు. అది నేలను ఆక్రమింపదు. అందలి దీపము గాలికి సులభముగా ఆరదు. 'గూట్లో దీపం, నోట్లో ముద్ద' అను సామెత సాయంకాల భోజనవేళను గూటి దీపముతో ముడిపెట్టినది. కుతుబ్‌షాహీల కాలపు (1518-1687) కట్టడములలో కమాను వంపుగల గూళ్లు కాన్పించును. ఉర్దూలో వీనిని 'తాక్' అందురు. పేదవాని మట్టిగోడకును ప్రభువుల సున్నపుగోడకును ఇచట మందమే సమానధర్మము.

అటక గోడనుగాక కప్పునాశ్రయించినది. కన్నడమున 'అట్ట' యనియు, సంస్కృతమున 'అట్టము', 'అట్టాలకము' అనియు దీనికి దగ్గరి రూపములు కలవు. పెంకుటింటి వాలు కప్పు క్రింద మిగిలిన ఎత్తును దూలములపై పలకలు పరచి వినియోగించిరి. నిత్యము అక్కరలేని వస్తువులు అచటికి చేరుటచేతనే, మూలబడిన పనిని 'అటకెక్కినది' అనుచున్నాము. వంటింటి అటకపై తాటాకు గ్రంథములకు పొగ సోకుటచే పురుగు బాధ తగ్గెడిది. పనికిరాని వస్తువుల తావే వాఙ్మయమునకు రక్షయైనది.

ధాన్యము విషయమున నేలయే నిర్ణాయకము. తేమ తక్కువగు మెట్టసీమలలో నేలను త్రవ్వి పాతర వేసిరి. తేమ యెక్కువగు కోస్తా మాగాణములలో గాదెలు, గడ్డివెంటితో చుట్టిన పురులు నేలపైననే వెలసినవి. 'పాతరవేయు' అను పలుకుబడి నేడు మరుగుపరచుట యను అర్థమున నిలిచినది.

ఈ పద్ధతికి మహోదాహరణము తిరుమలలో కలదు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనములు చెక్కిన రాగిరేకులు ఆలయములోని చిన్న రాతి అరలో, సంకీర్తన భండారమున, భద్రపరుపబడినవి. 1922లో వెలుగునకు వచ్చిన ఆ రేకులు 2,000లకు పైబడినవి. కట్టడములో నిమిడిన అరయే లేనిచో తెలుగు పదకవితాచరిత్ర ఎంత కొఱవడి యుండెడిదో ఊహింపవచ్చును.

పిదప మార్పు రెండు తెరగుల వచ్చినది. పోర్చుగీసు భాషనుండి వచ్చిన 'అలమార' వంటి పదములు కొయ్యసామాను వ్యాప్తిని సూచించును. అంతకన్న ముఖ్యము గోడ పలుచబడుట. ఇటుక గోడ 9 అంగుళములకును, అడ్డుగోడ నాలుగున్నర అంగుళములకును దిగగా గూటికి లోతు లేకపోయెను. అయినను అవసరము పోలేదు. గోడలో బిగించిన కడప బండల అరలును, ద్వారబంధపు ఎత్తున పోసిన కాంక్రీటు అటకలును పూర్వపద్ధతికి రూపాంతరములే. కావున గోడలో నిమిడిన బీరువాను కేవలము విదేశీయ విలాసముగా నెంచుట చరిత్రకు సమ్మతము కాదు.

దీనినుండి పునర్నిర్మాతలు గ్రహింపదగినది స్పష్టము. మందమైన పాతగోడయందలి గూటిని పూడ్చుట వలన లాభము లేదు. తలుపు బిగించినచో అదే చక్కని అరయగును. బరువు మోయు పలుచని గోడను క్రొత్తగా తొలుచుట మాత్రము ప్రమాదకరము. అట్టిచోట గోడను తాకించి నిలిపిన అరలే మేలు. విప్పుటకు ముందు ప్రతి గూటి కొలతను, స్థానమును, ఇంటివారు దానిని పిలుచు పేరును వ్రాసికొనవలెను. అటకను దింపునపుడు తాటాకు కట్టలున్నవేమో చూడక చెత్తలో వేయరాదు. గూడు పూడినను సామెత కొంతకాలము నిలుచును. చెత్తపాలైన తాళపత్రము మరల లభింపదు.