కడుపుతో ఉన్నప్పుడు చేతి తిమ్మిరి

ఏడో నెల దాటిన అమ్మాయి అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకుంటూ కూర్చుంటే మనం ఏమంటాం? "నీరు పట్టిందమ్మా, కాన్పయితే అదే పోతుంది" అంటాం. ఆ మాట చాలావరకు నిజమే. కాని సోదరీమణులారా, ఆ తిమ్మిరి ఎక్కణ్ణించి వస్తోందో తేల్చుకోవడానికి వైద్యులకు ఎన్నేళ్ళు పట్టిందో తెలుసా?

1880లో అమెరికాలోని బోస్టన్‌లో జేమ్స్ పుట్నం అనే నరాల వైద్యుడు ఇలాంటి రోగుల వివరాలు ప్రచురించారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. రాత్రివేళ చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేదట. మంచం పక్కకి వేలాడేసినా, గట్టిగా విదిలించినా కాస్త నెమ్మదించేదట. చూశారా, మన ఇళ్ళల్లో వినే మాటలే! వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పారు, ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. కారణం దగ్గరికొచ్చేసరికి మాత్రం, రక్తనాళాల్లో తేడా కావచ్చునన్నారు. తర్వాతివాళ్ళు కొందరు మెడ దగ్గర ఉండే అదనపు ఎముక మీద నేరం మోపారు. బాధ చేతిలో, కోత మెడ దగ్గర!

అసలు చోటు మణికట్టు. అక్కడ అడుగున, పక్కల ఎముకలు గోడల్లా ఉంటాయి. అరచేతి వైపు గట్టి పట్టీ ఒకటి కప్పులా ఉంటుంది. ఆ ఇరుకు దారిలోంచే వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితోపాటు ఒక నరమూ వెళ్ళాలి. లోపల కాస్త వాచినా ఆ పట్టీ సాగదు, నలిగేది నరమే. గర్భిణికి ఒంట్లో నీరు పెరుగుతుంది కదా, చేతికి గాజులు బిగుసుకున్నట్టే లోపలి దారీ బిగుసుకుంటుంది.

1913లోనే పారిస్‌లో పియర్ మారీ, షార్ల్ ఫ్వా అనే వైద్యులు చనిపోయిన ఒక 80 ఏళ్ళ రోగి చేతిని పరీక్షించి, నరం ఈ పట్టీ దగ్గరే నలిగిందని చూపించారు. ముందే పట్టీ కోస్తే మేలు జరగవచ్చునని కూడా రాశారు. ఎవరు విన్నారు? 1947లో లండన్‌లో రస్సెల్ బ్రెయిన్, డిక్సన్ రైట్, మార్షియా విల్కిన్సన్ కలిసి ఆరుగురి కేసులు 'లాన్సెట్' పత్రికలో ప్రచురించాక గాని లోకానికి నమ్మకం కలగలేదు. ఆ ముగ్గురిలో విల్కిన్సన్ మహిళ అని చెప్పుకోవడం నాకు సరదా. గర్భిణుల సంగతి ఇంకా ఆలస్యం. 1957లో వాలెస్, కుక్ అనే ఇద్దరు అమెరికా ప్రసూతి వైద్య పత్రికలో రెండంటే రెండు కేసులు రాశారు. అంతకుముందు కడుపుతో ఉన్నవాళ్ళకి చేతులు తిమ్మిరెక్కలేదా ఏమిటి!

తొడ బయటివైపు మంట, మొద్దుతనం కూడా ఈ జాతిదే. కడుపు పెరిగేకొద్దీ గజ్జ దగ్గర నరం నొక్కుకుంటుంది. దాని వివరం 1895 నాటికే వచ్చింది. ఆ ఏడే ఫ్రాయిడ్‌గారు తన తొడకీ ఆ బాధ ఉందని రాసుకున్నారు. మగవారి తొడకి పేరు త్వరగానే దొరికింది!

ఇప్పుడు మణికట్టు వంగకుండా రాత్రిళ్ళు కట్టుకునే పట్టీలు మందుల షాపుల్లో దొరుకుతాయి. చాలామందికి వాటితోనే సరిపోతుంది, కాన్పయిన కొన్ని వారాలకో నెలలకో తగ్గిపోతుంది. పట్టు సడలి గ్లాసులు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో కండ కరుగుతున్నా ఆగకూడదు. వాపుతోపాటు తలనొప్పీ, చూపు మసకా వస్తే అది రక్తపోటు వ్యవహారం, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. తిమ్మిరి ఏ వేళ్ళకి వస్తోందో, చిటికెనవేలు బాగానే ఉందో లేదో, ఏ వేళకి మెలకువ వస్తోందో అమ్మాయిని డాక్టరుకి వరసగా చెప్పమనండి. చిటికెనవేలు వేరే నరానిది.