మౌనం అర్ధాంగీకారమా? – 1993 అభిశంసన తీర్మానం: ఒక పరిశీలన

సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించాలంటే పార్లమెంటు ఉభయసభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించిన మద్దతు, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు అవసరమని రాజ్యాంగంలోని 124(4) అధికరణం నిర్దేశిస్తున్నది. ఈ రెండు షరతుల మధ్యగల అంతరం 1993 మే 11న లోక్‌సభలో స్పష్టమైంది.

జస్టిస్ వి. రామస్వామిపై మోపిన 14 అభియోగాల్లో 11 రుజువైనట్లు జస్టిస్ పి.బి. సావంత్ నేతృత్వంలోని విచారణ సంఘం తేల్చింది. తీర్మానానికి అనుకూలంగా 196 ఓట్లు వచ్చాయి. వ్యతిరేకంగా ఒక్కటీ రాలేదు. అధికార కాంగ్రెసు, దాని మిత్రపక్షాలకు చెందిన 205 మంది తటస్థంగా ఉండిపోయారు. నాటి ప్రధాని పి.వి. నరసింహారావు, నేడు కమాన్‌పూర్ మండలం చేరి ఉన్న మంథని నియోజకవర్గం నుండి 1957లో తొలిసారి శాసనసభకు ఎన్నికైనవారు. ఓటు వేసినవారంతా తొలగింపునే కోరినా, వారి సంఖ్య సభలో సగానికి చేరనందున తీర్మానం వీగిపోయింది.

మౌనం అర్ధాంగీకారమని లోకోక్తి. ఇక్కడ మాత్రం అది సంపూర్ణ తిరస్కారంగా పనిచేసింది. న్యాయవ్యవస్థ స్వతంత్రతకు కఠిన నిబంధన అవసరమే. అయితే ఆ నిబంధన ఆరోపణల నుండి న్యాయమూర్తికి రక్షణ కావాలి గాని, విచారణలో దుష్ప్రవర్తన తేలిన తరువాత సభ్యుని మౌనానికి చాటు కారాదు. అభిశంసనను తిరస్కరించే హక్కు సభకు ఉన్నది. ఆ తిరస్కారం కారణసహితంగా, ఓటు రూపంలో నమోదు కావాలి.