వినే పెట్టెకు మాటొచ్చింది

బెంగళూరులో ఎడ్లబండి అంతరిక్ష యుగాన్ని రెండుసార్లు మోసింది. మొదటి బండిని ఫొటోలో చాలామందే చూసి ఉంటారు. 1981లో ఇస్రో ఇంజనీర్లు మన తొలి ప్రయోగాత్మక సమాచార ఉపగ్రహం ‘యాపిల్’ను ఎడ్లబండికి ఎక్కించి ఆరుబయటికి తీసుకెళ్లారు. యాంటెన్నా పరీక్షకు చుట్టూ లోహం అడ్డు ఉండకూడదు. లారీ మీద పెడితే ఆ లారీ ఇనుమే సిగ్నల్‌ను చెడగొడుతుంది. చెక్కబండికి ఆ ఇబ్బంది లేదు. పేదరికానికి గుర్తుగా చూపించే ఆ ఫొటోలో ఉన్నది నిజానికి చక్కటి ఇంజనీరింగ్ ఆలోచన.

రెండో బండి సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ బెంగళూరు మిల్లర్స్ రోడ్డులోని సోనా టవర్స్‌లో ఆఫీసు పెట్టింది. ఇక్కడ గీసిన చిప్ డిజైన్లు విదేశాల్లోని తమవాళ్లకు చేరాలంటే సొంత ఉపగ్రహ లింకు ఉండాలి. ఆ లింకు కోసం తెచ్చిన డిష్ కూడా ఎడ్లబండి మీదే వచ్చింది. నన్ను పట్టుకున్నది మాత్రం ఎడ్లబండి కన్నా ఆ డిష్ చేసే పని. అది ఆకాశం నుంచి వచ్చేది వింటుంది, తిరిగి ఆకాశానికి జవాబు చెబుతుంది. మన ఇళ్లలోని టీవీ పెట్టెలకు ఆ రెండో విద్య అబ్బడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. అదీ డిష్ ద్వారా రాలేదు, ఇంట్లోని వైఫై ద్వారా వచ్చింది.

ఇవాళ మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో తెలుగువాళ్ల ఫ్లాటుకు వెళ్తే ఈ తతంగం కళ్లారా చూడొచ్చు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ “నిన్నటి సీరియల్ చూళ్లేదురా, పెట్టవా” అంటుంది. మనవడు రిమోట్ తీసుకుని సెట్ టాప్ బాక్స్ సెట్టింగ్స్‌లోకి, అక్కణ్నుంచి నెట్‌వర్క్‌లోకి వెళ్తాడు. పై ఫ్లాటు, కింది ఫ్లాటు, ఎదురు బ్లాకు వైఫై పేర్లన్నీ వరసగా తెర మీద దిగుతాయి. అందులో తమది వెతికి పట్టుకుని, పాస్‌వర్డ్‌లో ఒక్కో అక్షరం దగ్గరికి బాణం మీటలతో నడుచుకుంటూ వెళ్లి ఓకే నొక్కాలి. పెద్దక్షరానికి ఒక తెర, అంకెలకు ఇంకో తెర. చివరికి ‘కనెక్టెడ్’ అని పడుతుంది. ఆ క్షణం నుంచి ఆ పెట్టె అడగడం మొదలుపెడుతుంది.

దాని పూర్వీకుణ్ని వెతుక్కుంటూ పోతే మనం చేరేది హైదరాబాద్‌కు. సంవత్సరం 1975.

ఆ ఏడాది ఆగస్టు 1న ‘సైట్’ మొదలైంది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చెప్పే ప్రయోగం అది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మనకు అరువిచ్చింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్... ఈ ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలను ఎంచుకున్నారు. మన వైపు మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలు, కర్ణాటక వైపు రాయచూరు, గుల్బర్గా, బిజాపూర్ పల్లెలు. తెలుగు, కన్నడ కార్యక్రమాలు హైదరాబాద్ కేంద్రంలో తయారయ్యేవి. ఉపగ్రహం ఒకే బొమ్మతోపాటు రెండు ధ్వనులను మోయగలదు కాబట్టి ఒకే దృశ్యాన్ని రెండు భాషల్లో వినిపించే వీలుండేది. ఈ మొత్తానికి పెద్దదిక్కుగా ఇస్రో అధిపతి సతీశ్ ధవన్ బెంగళూరులో ఉంటే, అహ్మదాబాద్‌లో యశ్‌పాల్, ఇ.వి. చిట్నిస్ లాంటివాళ్లు పని నడిపించారు. పల్లెల్లో పెట్టిన టీవీ సెట్లను తయారుచేసింది హైదరాబాద్‌లోని మన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్. డీటీహెచ్ అన్న మాట ఈ దేశంలో వినిపించక ముందే, ఉపగ్రహం నుంచి నేరుగా బొమ్మను అందుకునే సెట్లు హైదరాబాద్ ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో తయారయ్యాయి.

ఆ సెట్టు తీరు దగ్గరగా చూడదగ్గది. బయట పది అడుగుల వెడల్పున గిన్నె ఆకారంలో యాంటెన్నా. దాని మీద పరిచింది కోళ్ల దొడ్లకు బిగించే ఇనుప తీగ వల. ఉపగ్రహం బొమ్మను పంపింది 860 మెగాహెర్ట్జ్ మీద. ఆ తరంగం పొడవు జానెడు కన్నా ఎక్కువ, 35 సెంటీమీటర్లు. వల కన్నాలు దాని ముందు చాలా చిన్నవి, అందుకే వలను ఆ తరంగం రేకులాగే చూసి వెనక్కి పరావర్తనమవుతుంది. ఖరీదైన రేకు అక్కర్లేదు, గాలికి ఊగదు, చిరిగితే ఊళ్లోనే బాగుచేసుకోవచ్చు. యాంటెన్నా నుంచి తీగ లోపలికి వచ్చి ఒక కన్వర్టర్‌లో దిగేది. ఆకాశం నుంచి వచ్చిన సిగ్నల్ మామూలు టీవీకి అర్థం కాదు కాబట్టి దాన్ని మార్చి ఇవ్వడం ఆ కన్వర్టర్ పని. మన సెట్ టాప్ బాక్స్‌కు తాత అదే.

ఆ యాంటెన్నాలన్నీ పడమటి ఆకాశంలోకి చూసేవి. ఉపగ్రహం నిలబడింది తూర్పు రేఖాంశం 35 డిగ్రీల దగ్గర, అంటే కెన్యా నెత్తిన. మహబూబ్‌నగర్ జిల్లాలోని బడి ముందర పిల్లలు చూసిన బొమ్మ అహ్మదాబాద్ నుంచి లేచి, ఆఫ్రికా మీది ఆకాశాన్ని తాకి, కోళ్ల వలలో పడేది. ఈ వాక్యం రాస్తుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తోంది.

రోజుకు నాలుగు గంటల ప్రసారం. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, వార్తలు, ఆటపాటలు. కరెంటు లేని కొన్ని ఊళ్లలో సెట్లు బ్యాటరీల మీద నడిచాయి. ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఆ తెర మీదే శిక్షణ ఇచ్చారు. రెండు విడతల్లో దాదాపు 48 వేల మంది ఆ పాఠాలు విన్నారు. అంతమందిని ఒక్క చోటికి పిలిపించి నేర్పాలంటే ఎన్నేళ్లు పట్టేదో!

అయితే ఒక మాట చెప్పుకోవాలి. సైట్ మొదలయ్యే నాటికి దేశంలో ఎమర్జెన్సీ వచ్చి నెల దాటింది. పైనుంచి చెప్పేదే గాని కింది నుంచి అడిగే దారి ఆ సెట్టుకు లేదు. ఈ లోటు ఇస్రోవాళ్లకు బాగా తెలుసు. అందుకే కొన్ని గ్రామాల్లో మానవశాస్త్ర పరిశోధకులను నెలల తరబడి ఉంచారు. వాళ్లు ఊరివాళ్లతోపాటు కూర్చుని టీవీ చూశారు, ఎవరు ముందు కూర్చుంటున్నారో, ఎవరు దూరంగా నిలబడుతున్నారో, ఏ కార్యక్రమానికి జనం లేచిపోతున్నారో రాసుకున్నారు. పల్లె నుంచి స్టూడియోకు జవాబు మోసుకెళ్లింది ఆ మనుషులే. ఇవాళ ఇంట్లోని రౌటర్ ఒక్క క్షణంలో చేసే పనికి అప్పట్లో ఒక మనిషి జీవితంలోంచి కొన్ని నెలలు ఖర్చయ్యాయి. అలా వచ్చిన జవాబులో రౌటర్‌కు తెలియనిది ఒకటి ఉంది: ఎవరు ఏం చూశారన్నదే కాక, ఎందుకు చూశారన్నది.

సైట్ సెట్లలో ఒకటి సముద్రం కూడా దాటింది. సమాచార ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద స్థిరంగా నిలబడి ప్రపంచమంతటికీ ప్రసారం చేయవచ్చని 1945లోనే ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో రాసిన ఆర్థర్ సి. క్లార్క్ అప్పటికి కొలంబోలో స్థిరపడి ఉన్నాడు. ఇస్రో ఇంజనీర్లు వెళ్లి ఆయన ఇంటి మీద ఒక యాంటెన్నా బిగించి వచ్చారు. ముప్పై ఏళ్ల కిందట కాగితం మీద పెట్టిన ఆలోచన ఆ ఇంటి తెర మీద భారతీయ పల్లె కార్యక్రమాలుగా వెలిగింది. గురుదక్షిణ ఇంతకన్నా అందంగా ఎవరు ఇచ్చారు?

1976 జులై 31న సైట్ ముగిసింది. నాసా ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుపోయింది, ఆ పల్లెల తెరల మీద బొమ్మ ఆరిపోయింది. వాటిలో కొన్నింటికి మామూలు టవర్ల ద్వారా టీవీ మళ్లీ అందింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరులో, బెంగళూరు దూరదర్శన్ 1981 నవంబరులో మొదలయ్యాయి. ఇన్సాట్ ఉపగ్రహాలు వచ్చాయి, వాటిని చూసుకునే కేంద్రం కర్ణాటకలోని హాసన్‌లో వెలిసింది. గల్ఫ్ యుద్ధం రోజుల తర్వాత వీధివీధినా కేబుల్ వైర్లు పాకాయి. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక బెంగళూరు తెలుగు ఇళ్లలో సాయంత్రాలు మారిపోయాయి. అప్పటికీ డిష్ కేబుల్ ఆపరేటర్ మేడ మీదే ఉండిపోయింది, మన మేడ మీదికి రాలేదు.

1997లో ఒక కాకతాళీయం జరిగింది. వైఫైకి పునాది అయిన 802.11 ప్రమాణానికి జూన్‌లో ఆమోదం దొరికింది. మరుసటి నెల జులైలో మన ప్రభుత్వం డీటీహెచ్‌ను నిషేధించింది. విదేశీ కంపెనీలు నేరుగా ఇళ్లలోకి దిగుతాయన్న భయం అప్పటి ఢిల్లీని పట్టుకుంది. 2000లో అనుమతి వచ్చింది. 2003లో డిష్ టీవీ, 2004లో దూరదర్శన్ వారి ఉచిత సేవ, 2006లో టాటా స్కై, 2007లో సన్ డైరెక్ట్, 2008లో ఎయిర్‌టెల్. ఈ సేవల్లో కొన్నింటికి పనికొచ్చిన ఇన్సాట్-4ఏ, 4బీలు బెంగళూరులోని ఇస్రో ఉపగ్రహ కేంద్రంలోనే తయారయ్యాయి. ఈ నగరంలో మేడల మీది ఎన్నో డిష్‌లు ఈ నగరంలోనే తయారైన ఉపగ్రహాలను విన్నాయి.

డిష్ పది అడుగుల నుంచి రెండడుగులకు తగ్గింది. అందుకు చెల్లించిన మూల్యం వాన. కొత్త సేవలు వాడే కేయూ బ్యాండ్ తరంగం రెండున్నర సెంటీమీటర్లు, దానికి వల చాలదు, గట్టి రేకు కావాలి. పైగా మే నెల సాయంత్రం బెంగళూరులో ఉరుములతో జోరువాన మొదలైతే ఆ తరంగాన్ని నీటి చుక్కలు మింగేస్తాయి, తెర మీద ‘నో సిగ్నల్’ పడుతుంది. సైట్ వాడిన పొడుగు తరంగాన్ని వాన ఏమీ చేయలేకపోయేది. చిన్న డిష్ కోసం మనం వదులుకున్న ఆ వాన తట్టుకునే గుణాన్ని ఇప్పుడు ఎవరూ తలుచుకోరు, నాకు మాత్రం అది పోయిందన్న బాధ ఉంది.

ఆ డీటీహెచ్ పెట్టెకు అసలు నోరే లేదనడం కూడా సరి కాదు. ఒకే ఒక్క మాట మాట్లాడేది. డిష్ కొమ్మ చివర ఎల్ఎన్‌బీ అనే చిన్న పరికరం ఉంటుంది. దానికి కేబుల్ ద్వారా పెట్టె 13 వోల్టులు పంపితే ఒక రకం తరంగాన్ని, 18 వోల్టులు పంపితే ఇంకో రకాన్ని అది ఏరి ఇస్తుంది. మనం ఛానల్ మార్చినప్పుడు పెట్టె చెప్పగలిగినదంతా దాదాపు ఇంతే, అదీ మేడ మీద వరకే. అందుకే రీఛార్జ్ చేశాక కూడా ఛానళ్లు రాకపోతే రిజిస్టర్డ్ నంబరు నుంచి మిస్డ్ కాల్ ఇవ్వమంటారు. పెట్టెను ఆన్‌లో ఉంచమంటారు. కంపెనీ ఆ ఆదేశాన్ని దేశమంతటికీ ప్రసారం చేస్తుంది, మన పెట్టె ఆ గుంపులో తన నంబరు వినిపించేదాకా చెవి ఒగ్గి కూర్చోవాలి. ఆపేసి ఉంటే ఆ పిలుపు దానికి అందదు.

జవాబు దారి మెల్లగా తెరుచుకుంది. 2005లో ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. ఇంటింటికీ వైఫై రావడానికి ఆ నోటిఫికేషనే దారి వేసింది. కొన్ని హెచ్‌డీ పెట్టెల వెనక నెట్ కేబుల్ రంధ్రం, యూఎస్‌బీ రంధ్రం ఉండేవి. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లి వైఫై డాంగిల్ కొని గుచ్చితే, ఆ పెట్టె ఒప్పుకునే చిప్ అందులో ఉంటేనే పనిచేసేది. 2015లో రికార్డు చేసిన కార్యక్రమాన్ని ఇంటి వైఫై ద్వారా ఫోనుకు పంపే పెట్టెను టాటా స్కై తెచ్చింది. 2019లో ఎయిర్‌టెల్ ఎక్స్‌ట్రీమ్, 2020 మొదట్లో టాటా స్కై బింజ్ ప్లస్ ఆండ్రాయిడ్ పెట్టెలుగా వచ్చాయి. డిష్ వైరు ఒక వైపు, వైఫై ఇంకో వైపు.

అపార్ట్‌మెంట్లలో ఈ కనెక్షన్ మాటిమాటికీ తెగుతుందని చాలామంది పెట్టెను తిడతారు. తప్పు దానిది కాదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్లు మూడే (1, 6, 11). యాభై ఫ్లాట్లు వాటినే పంచుకోవాలి. పైగా పెట్టెను టీవీ వెనక, చెక్క బీరువాలో దాస్తాం. టీవీ వెనక లోహపు పలక సిగ్నల్‌కు గోడలా నిలుస్తుంది. రౌటర్ అదే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి, పెట్టెను టీవీ వెనక నుంచి ముందుకు తీసుకురండి. వీలైతే నెట్ కేబుల్ గుచ్చేయండి, దాన్ని మించింది లేదు.

మాటొచ్చిన పెట్టెకు ఇక డిష్‌తో పని తగ్గుతోంది. డీటీహెచ్ చందాదారులు 2021లో దాదాపు 7 కోట్లు, 2025 నాటికి 6 కోట్ల లోపే. ఈ మార్పులో పోయిందేమిటో చెప్పాలి. విన్నంతకాలం ఆ పెట్టెకు మన గుట్టు తెలియదు. మనం ఏం చూశామో, ఎక్కడ ఆపేశామో కంపెనీకి అందేది కాదు. వైఫైకి కలిపాక అందగలదు. సైట్ పరిశోధకుడు ఊరివాళ్లను అడిగి, వాళ్ల ముందే రాసుకున్నాడు. ఇప్పుడు ఎవరూ మనల్ని అడగరు, మొదటి రోజు చదవకుండా నొక్కిన ‘ఐ అగ్రీ’ చాలు. ఆ సెట్టింగ్స్‌లోకే ఒకసారి వెళ్లి, చూసిన వివరాలు పంపాలా అన్న ఎంపిక ఉందేమో వెతకండి. ఉంటే మీకు తోచినట్టు మార్చుకోండి.

ఇంకొక విన్నపం. 1975లో పదేళ్ల వయసున్న పిల్లలకు ఇప్పుడు అరవై దాటాయి. మీది మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు వైపు పల్లె అయితే ఈసారి ఊరెళ్లినప్పుడు పెద్దవాళ్లను అడగండి. ఆ టీవీ ఎక్కడ పెట్టారు, మొదట ఏం చూశారు, బొమ్మ ఆగిపోయిన రోజు ఊరు ఏమనుకుంది అని. వాళ్లు చెప్పింది ఫోనులో రికార్డు చేసి, ఊరి పేరు, తేదీ రాసిపెట్టండి.