శాస్త్రిగారి పస్తూ, మన పస్తూ

ఊరి పేరులో ఉన్న చిత్రం ఆ ఊళ్ళో ఉండేవాళ్ళకి తోచదు. రోజూ నోట్లో నలిగి నలిగి పేరు అరిగిపోతుంది. మన ఎల్.బి.నగర్ సంగతే చూడండి. కండక్టరు "ఎల్బీనగర్, ఎల్బీనగర్" అని కేకేస్తాడు. ఎక్కేస్తాం, దిగేస్తాం. ఆ రెండక్షరాలూ లాల్ బహదూర్ శాస్త్రిగారివని ఎంతమందికి గుర్తుంటుంది? గుర్తున్నవాళ్ళకైనా, తిండి విషయంలో ఆయన ఈ దేశాన్ని ఏం అడిగారో గుర్తుండదు.

1965లో దేశంలో ధాన్యానికి కటకట. అమెరికా నుంచి పి.ఎల్.480 పథకం కింద ఓడల్లో గోధుమలు దిగితేగాని రేషను షాపులు నడవని రోజులు. దానికి తోడు పాకిస్తానుతో యుద్ధం. అప్పుడు ప్రధానిగా ఉన్న శాస్త్రిగారు వారానికి ఒక్క పూట, సోమవారం రాత్రి, భోజనం మానమని జనాన్ని కోరారు. ముందుగా తన ఇంట్లోనే ఒక పూట పొయ్యి వెలిగించవద్దని ఇల్లాలికి చెప్పి, పిల్లలు తట్టుకుంటారో లేదో చూసుకుని, ఆ తరువాతే దేశానికి చెప్పారంటారు. ఆ మాట మన్నించి ఎన్నో హోటళ్ళు సోమవారం సాయంత్రం తలుపులు మూశాయి. ఆ పస్తుకి "శాస్త్రి వ్రతం" అని పేరు కూడా వచ్చింది. 1966 జనవరి 11న తాష్కెంటులో ఆయన పోయారు. ఆయన పేరు ఎక్కడెక్కడో మిగిలినట్టే, విజయవాడ రోడ్డు మీద వెలసిన ఈ పేటకీ మిగిలింది.

ఇప్పుడు అదే పేటలో సాయంత్రం నలుగురు ఆడవాళ్ళు కలిస్తే వినబడే మాట ఏమిటి? "రాత్రి తినడం మానేశాను వదినా!" "నేను పదహారు గంటల పస్తు పట్టాను అక్కా, నువ్వూ పట్టరాదూ?" దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా స్తంభానికొక కాగితం – నెలలో ఇన్ని కిలోలు తగ్గిస్తామని. ఒకనాడు తిండి లేక దేశమంతా కలిసి చేసిన పస్తు, ఇవాళ తిండి ఎక్కువై ఎవరికి వారు చేస్తున్నారు. మధ్యలో గడిచింది అరవై ఏళ్ళు. ఈ అరవై ఏళ్ళలో మన కంచంలోకి ఏం వచ్చింది, మన ఒంట్లోంచి ఏం పోయింది?

లెక్క మొదట తప్పింది మాత్రం అంతకన్నా ముందు, రోకలి దగ్గర.

పూర్వం ధాన్యం ఇంట్లోనే దంచుకునేవారు. ఇద్దరు ఆడవాళ్ళు చెరోవైపు నిలబడి, ఒకరి తరువాత ఒకరు రోకటి పోటు వేస్తుంటే చెయ్యి, నడుము, వీపు అన్నీ పని చేసేవి. బియ్యం మీద తవుడూ కొంత నిలిచేది. తిండీ వ్యాయామమూ ఒకే రోట్లో పడ్డాయన్నమాట. ఇరవయ్యో శతాబ్దం వస్తూనే కృష్ణా, గోదావరి జిల్లాల్లో బియ్యపు మిల్లులు వచ్చాయి. మల్లెపువ్వులాంటి తెల్లబియ్యం వచ్చింది. ఆడవాళ్ళ రెక్కలకి విశ్రాంతి దొరికింది. అందుకు మిల్లుకి దణ్ణం పెట్టుకున్న ఇల్లాళ్ళని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. దంచినవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ!

కానీ తవుడు పోయింది. తవుడుతో పాటు బి1 విటమిను పోయింది. పచ్చిబియ్యాన్ని తెల్లగా మర పట్టించి తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తా తెలుగు జిల్లాల్లో, బెరిబెరి జబ్బు స్థిరపడింది. పక్కనే ఉప్పుడుబియ్యం తినే అరవవారికి ఆ బెడద అంత లేదు. బెరిబెరిలో ఒక రకానికి ఒళ్ళు నీరు పట్టి వాస్తుంది. చూసేవాళ్ళకి ఒళ్ళు చేసినట్టే ఉంటుంది, లోపల మనిషి గుల్లై ఉంటాడు. ఈ జబ్బు సంగతి తేల్చడానికే 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు నీలగిరి కొండల్లో కూనూరులో చిన్న పరిశోధనశాల పెట్టాడు. ఆయనే తరువాత ఎలుకలకి మనదేశంలోని రకరకాల ప్రాంతాలవారి తిండి పెట్టి చూశాడు. పొట్టు తియ్యని గోధుమపిండి రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న పంజాబు సిక్కుల ఎలుక అందరికన్నా దిట్టంగా పెరిగింది. తెల్లన్నం తిన్న మద్రాసు ఎలుక ఆఖరున నిలిచింది. ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలో మనమూ ఉన్నాం సుమండీ!

ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకి తరలి వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసీ దాటి ఉత్తరానికి వెళ్తే తార్నాకలో కనబడేది అదే. మన తెల్లన్నం పుణ్యమా అని పుట్టిన సంస్థ చివరికి మన ఊరికే వచ్చి చేరిందన్నమాట.

ఆ సంస్థ చాలా ఏళ్ళు పట్టించుకున్నది లావుని కాదు, బక్కతనాన్ని. ఎంచేతంటే దేశానికి అప్పుడు ఉన్న రోగం అదే. తెలంగాణా పల్లెల్లో జొన్నే ఆధారంగా బతికే పేదల్లో పెల్లగ్రా అనే జబ్బు కనబడేది – ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలిపోవడం, విరేచనాలు, మతి చలించడం. జొన్నకీ ఆ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య అనే శాస్త్రవేత్తలు పట్టి చూపారు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, "మన తాతలు జొన్నరొట్టె, గట్క తిని ఉక్కులా ఉండేవారు" అని ఇప్పుడు అందరం పాడుతున్నాం. ఉక్కులా ఉన్నవాళ్ళు ఉన్నారు. జొన్న తప్ప మరొకటి దొరక్క జబ్బుపడినవాళ్ళూ ఉన్నారు. పప్పూ, కూరా, మజ్జిగా పక్కన ఉంటే జొన్న బలం. ఒంటరి జొన్న పేదరికం.

అందుకే వరి అన్నం అంటే ఈ ప్రాంతానికి పండగ. పెళ్ళికో, పండక్కో, చుట్టం వస్తేనో వండే వస్తువు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. అదే కాలంలో ఐ.ఆర్.8 లాంటి పొట్టి వరి వంగడాలు వచ్చి ఎకరానికి పండేది ఎంతో పెరిగింది. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. పండగ రోజుటి అన్నం రోజూ దొరకసాగింది. మూడు పూటలా తెల్లన్నం తినగలగడం ఎన్నో ఇళ్ళలో ఒక తరం గెలిచిన యుద్ధం. "అన్నం తగ్గించండి" అని డాక్టరుగారు తేలిగ్గా అనేస్తారు గాని, ఆ మాట పెద్దవాళ్ళకి ఎక్కడ తగులుతుందో ఆలోచించాలి.

మన పేటల పుట్టుక చూడండి. దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అనే ఆసామి పొలాలు ప్లాట్లుగా మారితే దిల్‌సుఖ్‌నగర్ అయింది. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు – విజయవాడ రోడ్డు వెంట వచ్చినవాళ్ళంతా నగరంలోకి అడుగుపెడుతూనే ఇక్కడ ఆగారు. పొలంగట్టు మీద నడిచిన కాళ్ళు బస్సెక్కాయి, స్కూటరెక్కాయి, 2018 సెప్టెంబరు నుంచి మెట్రో ఎక్కాయి. బావి పోయి కుళాయి వచ్చింది. రోలు పోయి గ్రైండరు వచ్చింది. నడక తగ్గిందిగాని, పొలం పనికి అలవాటుపడిన కంచం మాత్రం తగ్గలేదు! 1986 నుంచి కొత్తపేటలో పెద్ద పళ్ళ మార్కెట్టు ఉండేది. 2022లో అది బాటసింగారం తరలిపోయింది. హాస్టళ్ళ పిల్లల కోసం పుట్టిన కర్రీ పాయింట్లు, మిర్చిబజ్జీ బళ్ళు మాత్రం ఎక్కడికీ తరలలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100కి 30 మంది అధిక బరువున్నవాళ్ళు. అదే లెక్కలో 100కి 18 మందికి పైగా ఉండవలసినదానికన్నా బక్కచిక్కి ఉన్నారు. ఒకే వీధిలో పైఅంతస్తు ఇల్లాలు మొదటి లెక్కలో, ఆ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి రెండో లెక్కలో ఉండవచ్చు.

లావు తగ్గించుకోవాలన్న తాపత్రయం కొత్తదేమీ కాదు. 1863లో లండనులో విలియం బాంటింగ్ అనే శవపేటికల వ్యాపారి, రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానేసి తాను సన్నబడిన సంగతిని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. ఊరంతా దాని వెంట పడింది. బరువు తగ్గడానికి ఇంగ్లీషులో ఆయన పేరే క్రియాపదమైంది. మన దగ్గరా అంతే. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు, నూనె, చక్కెర వద్దన్నారు. కొన్నేళ్ళ క్రితం వీరమాచనేని రామకృష్ణగారు అన్నం మాని కొవ్వు తినమన్నారు. ఖాదర్‌వలీగారు కొర్రలు, అరికెలు, సామలు అన్నారు. ఒక్కో గాలి వీచినప్పుడల్లా కొత్తపేట కిరాణా కొట్లో ఒక్కో డబ్బా ముందుకొస్తుంది.

కాస్త కూడికలు తెలిసిన ఇల్లాలు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. 100 గ్రాముల బియ్యంలోనూ, 100 గ్రాముల జొన్నల్లోనూ సుమారు 350 కేలరీలే. జొన్నరొట్టె మంత్రం కాదు. పీచు ఉంది గనక రెండు రొట్టెలకే కడుపు నిండుతుంది, అదే దాని మహిమ. నాలుగు తింటే మహిమ పోయింది. 2024లో తార్నాక సంస్థ ఇచ్చిన సలహా కూడా ఇంత సాదాగానే ఉంది. రోజుకి 2000 కేలరీల కంచంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పళ్ళు 100, పప్పులు 85, నూనెలు 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. అన్నం మధ్యలో గుంట చేసి కూర వేసుకునే మనకి, ఇది తలకిందులు చెయ్యడమే – కూర కొండ, అన్నం గుంట! బరువు తగ్గితే వారానికి అర కిలో చాలునంటారు. రోజుకి 1000 కేలరీలకన్నా దిగవద్దంటారు. స్తంభాల మీద కాగితాలకీ, ఈ మాటకీ ఎంత దూరమో చూడండి.

అన్నీ తెలిసినా జరగదేం? ఎంచేతంటే కంచం ఒక్కరిది కాదు. పుట్టింటికి వచ్చిన పిల్లని చూసి "చిక్కిపోయావే తల్లీ" అని కళ్ళొత్తుకోని అమ్మ మన దేశంలో లేదు. "కాస్త ఒళ్ళు చేశావు" అంటే ఒకప్పుడు దీవెన, అత్తవారు కడుపునిండా పెడుతున్నారని. అదే మాట ఇప్పుడు నింద. మాట మారిందిగాని ఇల్లాలి చోటు మారలేదు. అందరికీ వడ్డించి ఆఖరున కూర్చుంటుంది. కూర అడుగంటి ఉంటుంది, అన్నం మిగిలి ఉంటుంది. బాబు వదిలేసిన పెరుగన్నం, నిన్నటి పులిహోర – పారేస్తే పాపమని అవన్నీ ఆమె కడుపులోకే. అత్తగారికి మెత్తని అన్నం, ఆయనకి వేపుడు, పిల్లలకి నూడుల్స్ వండి, తనకోసం విడిగా నాలుగు కొర్రలు ఉడకబెట్టుకోమంటే ఎన్నాళ్ళు చేస్తుంది? పది రోజులు చేసి మానేస్తే, "నీకు పట్టుదల లేదు" అంటారు. పట్టుదల కాదండీ లేనిది, ఐదో గిన్నె కడిగే ఓపిక!

ఇక నడక. విక్టోరియా మెమోరియల్ హోం అని సరూర్‌నగర్‌లో ఉందే, ఆరో నిజాం కాలంలో రాణిగారి పేరు మీద వెలసిన అనాథ పిల్లల ఆశ్రమం, దాని మైదానం వైపు తెల్లవారుజామున చూడండి. 1626లో తవ్విన సరూర్‌నగర్ చెరువు పక్క పార్కు చూడండి. వనస్థలిపురం జింకల పార్కు వైపు చూడండి. చీరమీద కాన్వాసు బూట్లు తొడుక్కుని చేతులూపుకుంటూ వెళ్ళే నడివయసు ఆడవాళ్ళు కనబడతారు. చూసి నవ్వుకునే కుర్రాళ్ళూ ఉంటారు. నవ్వనీండి. గంట నడిస్తే కరిగేది సుమారు 200 కేలరీలు. వచ్చేటప్పుడు బండి దగ్గర ఆగితే అవి తిరిగి వచ్చేస్తాయి, నిజమే. కానీ వీళ్ళ ముందు తరాల ఆడవాళ్ళు నడిచిన నడకలో నెత్తిన గంపో, చంకన బిందో, చేతిలో కొడవలో ఉండేది. ఊరికే, తన ఒంటికోసం, ఏ బరువూ మొయ్యకుండా, ఏ పనికీ కాకుండా నడవడం ఈ వీధుల్లో మామూలు ఇంటి ఆడదానికి కొత్తగా దొరికిన వస్తువు. అమ్మమ్మల కాలానికి తిరిగి వెళ్ళమని వీళ్ళకి ఉపన్యాసాలు చెప్పకండి. అమ్మమ్మలు సన్నగా ఉన్నది చాకిరీవల్ల, సగం కడుపువల్ల కూడా. మనకి వాళ్ళ తవుడు కావాలి, వాళ్ళ ఆకలి అక్కరలేదు.

శాస్త్రిగారు తన ఇంట్లో చూసుకుని మరీ అడిగింది ఒక పూట భోజనం, అదీ అందరినీ. ఒక్క ఇల్లాలిని పస్తుండమని అడగలేదు. ఆయన పేరు పెట్టుకున్న పేటలో ఇప్పుడు కావలసిన వ్రతం కూడా అలాంటిదే. కూర ఎక్కువ, అన్నం తక్కువ వడ్డన ఇంటిల్లిపాదికీ ఒకటే కావాలి. ఇక రోజూ పొద్దున్న ఒక్క గంట, ఆమె నడిచి వచ్చేదాకా, ఎవరి కాఫీ వాళ్ళే కలుపుకోవాలి.

కాఫీలో చక్కెర తగ్గించుకోమని తిరిగి వచ్చాక ఆమే చెబుతుంది లెండి!